మాయా రాజుల సమాధులు ఎలా దొరుకుతాయి, లోపలున్నది ఎవరో ఎలా తేలుతుంది?

మీరు అడిగినవి నాలుగు. గుడి కింద సమాధి ఉందని తవ్వేవాళ్లకు ఎలా తెలుస్తుంది? లోపల ఉన్నది ఫలానా రాజేనని ఎలా నమ్మాలి? మెక్సికోలోని పలెంకే సమాధి మూత మీద ఉన్నది రాకెట్ నడుపుతున్న మనిషి అని ఒక వీడియోలో అంటున్నారు, నిజమేనా? ఈ పనిలోకి రావాలంటే ఏం చదవాలి? తవ్వకాల్లో బయటపడిన వస్తువులను చెడిపోకుండా కాపాడటం నా వృత్తి. మధ్య అమెరికాలో పూర్వం నగరాలు కట్టిన మాయా ప్రజల స్థలాల్లో, ఎక్కువగా సొరంగాల్లో కూర్చుని పనిచేశాను. కొంచెం పెద్ద జవాబే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

అన్నిటికంటే ముందు ఒక విషయం. సమాధిలో దొరికిన వస్తువు ఎంత అందమైనదైనా, అది ఎక్కడ ఉంది, దేని కింద ఉంది, దేని పక్కన ఉంది అన్న వివరం లేకపోతే అది సగం చచ్చినట్టే. పచ్చరాతి ముసుగును మ్యూజియంలో ఎప్పుడైనా చూడొచ్చు. ఆ ముసుగు పూసలు ఏ వరసలో జారిపడ్డాయో చూసే అవకాశం మాత్రం ఒక్కసారే, సమాధి తెరిచిన రోజే వస్తుంది. నేను కింద చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మీరు చూసిన వీడియో పలెంకేది కాబట్టి అక్కడే మొదలుపెడతాను. మెక్సికోలో చియాపాస్ రాష్ట్రంలో, కొండ అంచున అడవిలో ఉన్న పాత నగరం అది. అక్కడ శాసనాల గుడి అని పిలిచే కట్టడం ఉంది: కింద మెట్లు మెట్లుగా పిరమిడ్, దాని నెత్తిన గుడి. ఈజిప్టు పిరమిడ్లు సమాధులు, అమెరికా పిరమిడ్లు గుడి కోసం కట్టిన ఎత్తరుగులు మాత్రమే అని ఆ రోజుల్లో పండితులు చాలామంది నమ్మేవారు. 1940ల చివర అల్బెర్తో రూస్ అనే పురావస్తు శాస్త్రవేత్త ఆ గుడి నేలను పరీక్షగా చూశాడు. పరిచిన పెద్ద పలకల్లో ఒకదానికి వరసగా రంధ్రాలున్నాయి, వాటిని రాతి బిరడాలతో మూసేశారు. ఇంకొకటి కూడా గమనించాడు. గుడి గోడలు నేల దగ్గర ఆగడం లేదు, నేలను దాటి కిందికి దిగుతున్నాయి. గోడ కిందికి పోతోందంటే, ఆ గోడ చుట్టి ఉన్న గదో దారో కింద ఉన్నట్టే కదా.

పలక ఎత్తితే మెట్లు కనిపించాయి. ఆ మెట్లదారి నిండా పైనుంచి కింది దాకా రాళ్లు, సున్నం, మట్టి కూరి గట్టిగా బిగించేశారు. దాన్ని ఖాళీ చేయడానికి నాలుగు సీజన్లు పట్టింది. గాలి ఆడదు, వెలుతురు లేదు, పైకి మోసుకెళ్లాల్సిన రాళ్లకు లెక్కలేదు. మెట్లు మధ్యలో మలుపు తిరిగి ఇంకా కిందికి, పిరమిడ్ అడుగు దాకా పోయాయి. అడుగున నైవేద్యాల పెట్టె దొరికింది. ఆ తర్వాత రాతి పెట్టెలో, రాజుతో పాటు పంపడానికి చంపిన కొందరి ఎముకలు. దాని పక్కన గోడలో త్రికోణాకారపు రాతి పలక. 1952 జూన్ 15న ఆ పలకను పక్కకు జరిపి లోపలికి వెళ్లారు. గది సుమారు 9 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 7 మీటర్ల ఎత్తు. మధ్యలో ఒకే రాతితో తొలిచిన పెద్ద శవపేటిక, దాని మీద 3.8 మీటర్ల పొడవు, 2.2 మీటర్ల వెడల్పు, దాదాపు 5 టన్నుల బరువున్న చెక్కుడు మూత.

ఆ మూతను ఎత్తింది నవంబరులో. యంత్రాలు దిగే దారి లేదు. చెట్ల దుంగలు కోసి మెట్ల మీదుగా కిందికి దించి, వాటి మీద కారు జాకీలు పెట్టి, నాలుగు మూలలా ఒకేసారి కొంచెం కొంచెంగా లేపారు. ఒక మూల తొందరపడితే రాయి పగిలిపోతుంది. పైకి లేచాక లోపల ఇంకొక మూత, దాని కింద ఎర్రటి పొడి పూసిన గుంట, అందులో జేడ్ అనే పచ్చరాయి నగల మధ్య ఒక ముసలి రాజు అస్థిపంజరం. ముఖం మీద పచ్చరాతి ముక్కలతో పేర్చిన ముసుగు. నోట్లో ఒక పచ్చరాయి, రెండు చేతుల్లోనూ పచ్చరాళ్లు.

నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చేది ముసుగు కాదు, ఒక కొలత. శవపేటిక మూత ఆ మెట్లదారిలో పట్టదు, దారి దానికంటే సన్నం. అంటే ముందు రాతి పేటిక, దాని చుట్టూ గది, ఆ తర్వాత దాని మీద పిరమిడ్, చివర్న గుడి. రాజు చనిపోయాక గుడిలో చోటు చూసి పాతిపెట్టలేదు. సమాధి కోసమే గుడి కట్టారు. మెట్ల పక్కనే సన్నని రాతి గొట్టం ఒకటి సమాధి గది నుంచి పైన గుడి నేల దాకా వెళ్తుంది. దారిని రాళ్లతో పూడ్చినా, చనిపోయిన రాజుకూ పైన పూజ చేసేవాళ్లకూ మధ్య ఆ గొట్టాన్ని మాత్రం తెరిచే ఉంచారు. ఎంత పచ్చరాయి దొరికినా ఈ సంగతి చెప్పలేదు, కట్టడం చెప్పింది.

అన్ని చోట్లా పలెంకేలా పలకకు రంధ్రాలు ఉండవు. మామూలుగా మేము పెట్టుకునే గుర్తులు వేరు. మాయా రాజులు పాత గుడిని పడగొట్టి చదును చేసి, దాని మీదే కొత్త గుడి కట్టేవారు. ఇలా నాలుగైదు వందల ఏళ్లు సాగితే ఒక కట్టడం కడుపులో ఇంకొకటి, దాని కడుపులో మరొకటి ఉంటాయి. పైనుంచి తవ్వుకుంటూ పోతే పై గుడి నాశనం. అందుకని పక్కనుంచి సొరంగం తవ్వుతారు. సాధారణంగా ముందు మెట్ల మధ్య గీత పట్టుకుని లోపలికి వెళ్తారు, ఎందుకంటే ముఖ్యమైన నైవేద్యాలు, సమాధులు ఆ గీత మీదే పెట్టడం ఎక్కువ. వెళ్తున్నప్పుడు కంటితో వెతికేది సున్నపు గచ్చును. మాయావాళ్ల గచ్చు నున్నగా, గట్టిగా ఉంటుంది. అందులో ఒకచోట రంగు తేడాగా, మట్టం తేడాగా అతుకు కనిపించిందంటే ఎవరో ఒకప్పుడు గచ్చు పగలగొట్టి కిందికి దిగి మళ్లీ మూశారని అర్థం. ఆ అతుకును వెడల్పు చేసే ముందు గీసుకుంటాం, ఫొటో తీసుకుంటాం, కొలుస్తాం. అతుకు ఏ గచ్చును కోసింది, ఏ గచ్చు దాన్ని కప్పింది అన్నదాన్ని బట్టి సమాధి ఏ రాజు కాలానికి ముందు, ఎవరి తర్వాత అన్నది సగం తేలిపోతుంది.

ఇంకో గుర్తు కూడా ఉంది, బయటివాళ్లకు పెద్దగా తెలియనిది. గ్వాటెమాలాలోని తికాల్ లాంటి చోట్ల రాజ సమాధి కప్పు మీద చెకుముకి రాయి పెచ్చులు, అబ్సిడియన్ అనే నల్లటి గాజురాయి పెచ్చులు వేలకొద్దీ పొరగా పోసేవారు. కాబట్టి పూడికలో ఉన్నట్టుండి పెచ్చులు ఎక్కువైతే గడ్డపార పక్కన పెట్టి తాపీ, బ్రష్ తీసుకోవాలి. ఇంకొన్ని అంగుళాల్లో కప్పు రాళ్లు తగలొచ్చు.

ఆ కప్పు గురించి ఒక మాట. మనం ఇళ్లకు వేసే కమాను లాంటిది కాదు. రెండు వైపుల గోడల రాళ్లను ఒక్కో వరస కొంచెం కొంచెం ముందుకు జరుపుతూ పేర్చి, చివర మిగిలిన సందును పలకలతో మూస్తారు. పైనున్న బరువే దాన్ని నిలబెడుతుంది. తవ్వేవాడు ఒక పక్క బరువు తీసేస్తే కప్పు కూలి లోపలున్న కుండలు, ఎముకలు నుగ్గవుతాయి. చాలా సమాధులు మేము వెళ్లక ముందే అలా కూలిపోయి ఉంటాయి కూడా.

గది తగిలాక తలుపు బద్దలుకొట్టి దూరిపోవడం సినిమాల్లోనే. మొదట రాళ్ల సందులోంచి సన్నని గొట్టానికి కట్టిన కెమెరా పంపిస్తాం. లోపలి గాలిలో ప్రాణవాయువు చాలకపోవచ్చు. పైగా ఆ ఎర్రపొడి. అది ఇంగిలీకం, అంటే పాదరసం, గంధకం కలిసిన ఖనిజం. మాయావాళ్లకు అది రక్తం రంగు, తూర్పు రంగు, మళ్లీ పుట్టడానికి గుర్తు. శవం మీద, నగల మీద, కొన్నిసార్లు గదినిండా చల్లేవారు. మాకది విషం. మాస్కు, చేతి తొడుగులు, ఒళ్లంతా కప్పే బట్టలు లేకుండా కూర్చోకూడదు. ఉక్కపోతలో, మోకాళ్లు ముడుచుకుని, ఆ బట్టల్లో గంటల తరబడి ఉండాల్సి వస్తుంది.

ఇక్కడ నా పని మొదలవుతుంది, అందుకని కొంచెం నిదానంగా చెబుతాను. మూసి ఉన్న సమాధిలో తేమ వందకు వంద శాతం దగ్గర ఉంటుంది. పదిహేను వందల ఏళ్లుగా అలాగే ఉంది. మేము రాయి తీయగానే పొడిగాలి లోపలికి వస్తుంది, దీపాల వేడి వస్తుంది. నేల మీద రంగుల గిన్నె ఒకటి కనిపిస్తుంది అనుకోండి. నిజానికి అక్కడ గిన్నె లేదు. అది చెక్కతోనో సొరకాయ బుర్రతోనో చేసిన గిన్నె. చెక్క ఎప్పుడో చివికి మట్టయిపోయింది. దాని మీద పూసిన సున్నపు పూత, ఆ పూత మీద వేసిన ఎరుపు, ఆకుపచ్చ రంగులు మాత్రం గిన్నె ఆకారంలోనే నిలబడి ఉన్నాయి. మందం గుడ్డుపెంకు అంత కూడా ఉండదు. ఊదితే రాలిపోతుంది, ఆరితే ముడుచుకుపోతుంది. దాన్ని ఎత్తాలంటే వెదురు పుల్లతో మట్టి ఒక్కో రేణువు తీసి, బయటపడిన అంగుళానికి అప్పటికప్పుడే పలచని జిగురు చుక్కలు సన్నని సూదితో పట్టించి, పల్చటి కాగితం అతికించి, మళ్లీ తర్వాతి అంగుళానికి పోవాలి. చివరకు కింద ఉన్న మట్టితో సహా ముద్దగా కోసి, పెట్టెలో పెట్టి ల్యాబుకు తీసుకెళ్లి మిగతా పని అక్కడ చేస్తాం. ఒక్క గిన్నెకు నెలలు పడుతుంది.

తికాల్‌లో 195వ నంబరు సమాధి కథ మా వాళ్లందరూ ఇష్టంగా చెప్పుకుంటారు. ఆ సమాధిలోకి పూర్వం ఎప్పుడో నీళ్లు చేరి, మెత్తటి బురద అన్నిటినీ కప్పేసింది. అందులో కవీల్ దేవుడి చెక్క బొమ్మలు నాలుగు ఉండేవి, వాటి మీద సున్నపు పూత. చెక్క చివికిపోయింది, బురద గట్టిపడింది, మధ్యలో బొమ్మ ఆకారంలో ఖాళీ మిగిలింది. తవ్వుతున్నవాళ్లు ఆ ఖాళీని గమనించి, అందులో ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక చుట్టూ బురద తీశారు. చెక్క లేకుండానే చెక్క బొమ్మలు తిరిగి వచ్చాయి. ఎవరైనా పారతో ఒక్క దెబ్బ వేసి ఉంటే ఆ బొమ్మలు ఒకప్పుడు ఉన్నాయన్న సంగతే లోకానికి తెలిసేది కాదు.

ఇక మీ రెండో ప్రశ్న, లోపలున్నది ఎవరు అన్నది. పలెంకే సమాధినే తీసుకోండి. సమాధి తెరిచినప్పుడు మాయా లిపి ఇంకా చదవలేకపోతున్నారు. ఆ లిపిలో గుర్తులు శబ్దాలను కూడా సూచిస్తాయని రష్యాలో యూరి క్నోరొజోవ్ రాసిన వ్యాసం వచ్చింది కూడా ఆ 1952లోనే. శాసనాల్లో ఉన్నవి దేవుళ్ల లెక్కలు కావు, రాజుల పుట్టుకలు, పట్టాభిషేకాలు, చావులు అని తతియానా ప్రోస్కురియాకోవ్ చూపించింది 1960లో. 1973లో పలెంకేలోనే జరిగిన ఒక సమావేశంలో లిండా షీల్, పీటర్ మాథ్యూస్, ఫ్లాయిడ్ లౌన్స్‌బరీ కలిసి కూర్చుని ఆ నగరపు రాజుల వరస మొత్తం పేర్చారు. శవపేటికలో ఉన్నది కినిచ్ హనాబ్ పకాల్ అని తేలింది. 603లో పుట్టి, 615లో పన్నెండేళ్లకు గద్దె ఎక్కి, 683లో ఎనభయ్యో ఏట చనిపోయాడు.

గొడవ ఇక్కడే వచ్చింది. 1952లో ఎముకలు చూసినవాళ్లు ఆ మనిషి వయసు నలభై, యాభై మధ్య అని చెప్పారు. శాసనమేమో ఎనభై అంటోంది. రూస్ చివరిదాకా శాసనం చదివినవాళ్ల లెక్కను ఒప్పుకోలేదు. రాజులు తమ వయసు పెంచి రాయించుకున్నారా, ఎముకలు తప్పు చెప్పాయా అని దశాబ్దాల పాటు వాదన నడిచింది. తర్వాత వేరా తీస్లర్, ఆంద్రియా కుచినా బృందం ఆ ఎముకలను కొత్త పద్ధతుల్లో, సూక్ష్మదర్శిని కింద ఎముక లోపలి నిర్మాణంతో సహా మళ్లీ పరీక్షించి, అతను బాగా వయసు మళ్లినవాడేనని తేల్చింది. పాత పద్ధతుల్లో ముసలివాళ్ల వయసు ఉన్నదానికంటే తక్కువగా రావడం మామూలే. పైగా రాజు మెత్తటి తిండి తిన్నవాడు, బరువులు మోసినవాడు కాదు. పళ్లు పెద్దగా అరగలేదు. నా మటుకు నాకు ఈ వాదనలో ఎక్కువ గౌరవం కలిగేది ఒకందుకు: ఎముకలను తీసుకుపోకుండా ఆ శవపేటికలోనే ఉంచారు కాబట్టే యాభై ఏళ్ల తర్వాత మళ్లీ అడగగలిగారు.

కోపాన్‌లో దారి ఇంకోలా సాగింది. ఇది హోండురాస్‌లో ఉంది. పక్కనే పారే నది రాచకట్టడాల గుట్టను ఒకవైపు నిలువునా కోసేసింది. ఆ కోతలో వందల ఏళ్ల కట్టడాల పొరలు గోడలో ఇటుక వరసల్లా కనిపిస్తాయి. అక్కడినుంచి లోపలికి కిలోమీటర్ల కొద్దీ సొరంగాలు తవ్వారు. పైనున్న 16వ కట్టడం ముందు చదరపు బలిపీఠం ఉంది, 776లో పెట్టినది. నాలుగు పక్కలా పదహారు మంది రాజులు కూర్చుని ఉంటారు, మొదటి రాజు కినిచ్ యాష్ కుక్ మో పదహారో రాజు చేతికి దండం అందిస్తుంటాడు. మొదటి రాజు 426లో వచ్చాడని శాసనం. చాలామంది అతన్ని కల్పన అనుకునేవారు, మూడు వందల యాభై ఏళ్ల తర్వాత వంశం గొప్ప కోసం రాయించుకున్నారని.

రాబర్ట్ షేరర్ నడిపిన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం బృందం సరిగ్గా ఆ బలిపీఠం వెనకున్న గుడి కడుపులోకి, పొర కింద పొర దాటుకుంటూ వెళ్లింది. అట్టడుగున, చిన్న పాత కట్టడం నేల కింద ఒక సమాధి, రాతి పీఠం మీద ఒక మగమనిషి. వయసు యాభై దాటింది. కుడి ముంజేయి ఒకప్పుడు విరిగి సరిగ్గా అతుక్కోలేదు, ఒంటి మీద ఇంకా పాత దెబ్బలున్నాయి. దెబ్బను కాచుకోవడానికి చేయి అడ్డుపెట్టినవాడి ఎముక అలా విరుగుతుంది. బలిపీఠం మీద మొదటి రాజు బొమ్మ చూడండి: కుడి ముంజేతికి చిన్న డాలు ఉంటుంది.

అది చాలదు, అందుకని పళ్లను అడిగారు. చిన్నప్పుడు మనం తాగిన నీళ్లు, తిన్న తిండిలోంచి స్ట్రాన్షియం అనే మూలకం పంటి పింగాణీలో చేరుతుంది. ఏ నేల మీద పెరిగామో దాన్ని బట్టి అందులోని ఐసోటోపుల, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాల, పాళ్లు మారతాయి. కోపాన్ చుట్టూ ఉన్నవి అగ్నిపర్వతపు రాళ్లు. ఉత్తరాన పెతెన్ అడవుల్లో సున్నపురాయి. ఈ మనిషి పంటి పాళ్లు కోపాన్ నేలవి కావు, ఉత్తరపు సున్నపురాతి నేలలవి. పరాయి చోటు నుంచి వచ్చి రాజ్యం స్థాపించాడని శాసనం చెప్పినట్టే. ఆ సమాధికి పైన ఇంకో కట్టడంలో, మార్గరీతా అని పిలిచే సమాధిలో ఒక పెద్దావిడ ఉంది. ఎముకలన్నీ ఇంగిలీకంతో ఎర్రబారాయి, చుట్టూ లెక్కలేనంత పచ్చరాయి, గవ్వలు. ఆమె మాత్రం స్థానికురాలు. మొదటి రాజు భార్య అనీ, పరాయివాడికి ఈ నేల మీద హక్కు ఇచ్చింది ఆమెతో పెళ్లేననీ తవ్వినవాళ్ల అభిప్రాయం. నాకూ అదే సబబుగా అనిపిస్తుంది. ఆమె సమాధికి మెట్లదారి పెట్టి, మూసేశాక కూడా మళ్లీ మళ్లీ లోపలికి వెళ్లి నైవేద్యాలు పెట్టారు.

అలా మళ్లీ తెరవడం మాయావాళ్లకు మామూలు. గ్వాటెమాలాలోని పియెద్రాస్ నెగ్రాస్‌లో 782 నాటి శాసన ఫలకం ఒకటి, అప్పటి రాజు పూర్వపు రాజు సమాధికి ధూపం వేశాడని చెబుతుంది. 1997లో ఆ పూర్వపు రాజు సమాధి దొరికినప్పుడు ఎముకలు కొన్ని కాలి ఉన్నాయి, కొన్ని లేనే లేవు. శాసనం తెలియకపోతే దొంగలు పడ్డారనుకునేవాళ్లం. అందుకే చెల్లాచెదురుగా ఉన్న ఎముకలను చూసి తొందరపడి ఏ నిర్ణయానికీ రాకూడదు.

మూడో ప్రశ్న, రాకెట్. 1960ల చివరినుంచి ఈ ప్రచారం నడుస్తోంది. ఆ బొమ్మను అడ్డంగా తిప్పి, చుట్టూ ఉన్న రాతలు కత్తిరించి చూపిస్తే మనిషి ముందుకు వంగి మీటలు పట్టుకున్నట్టు కనిపిస్తుంది. మూతను నిలువుగా, అది చెక్కిన తీరులో చూడండి. మధ్యలో ఉన్నది శిలువ ఆకారంలో లోకవృక్షం, దాని కొమ్మ మీద దేవపక్షి. కింద తెరుచుకున్న దవడలు భూమి నోరు. ఆ నోటి దగ్గర పకాల్, మొక్కజొన్న దేవుడి నగలు వేసుకుని, పాతాళంలో పడుతూనో అక్కడినుంచి మళ్లీ మొలకెత్తుతూనో ఉన్నాడు. ఇదే చెట్టు, ఇదే పక్షి, ఇవే దవడలు పలెంకేలోని వేరే గుళ్లలో, వేరే నగరాల శిల్పాల్లో కూడా ఉన్నాయి. మూత అంచు చుట్టూ పకాల్ పుట్టిన, చనిపోయిన తేదీలు, అతని పూర్వీకుల చావు తేదీలు రాసి ఉన్నాయి. పేటిక పక్కల మీద ఆ పూర్వీకులే నేల చీలికల్లోంచి పండ్ల చెట్లతో కలిసి మొలుస్తుంటారు: జామ, కోకో, అవకాడో. చనిపోయినవాళ్లు తోటగా మారి వంశాన్ని కాపాడతారన్న ఊహ ఎంత గొప్పది! దాన్ని చెరిపేసి ఇంజన్ అని పేరు పెట్టడం నాకు బాధగా ఉంటుంది. ఇది ఆ శిల్పులకు, ఇంకా ఆ భాషలు మాట్లాడుతున్న లక్షల మంది మాయా ప్రజలకు చేసే అన్యాయం.

మీరు అడగలేదు గానీ దొంగతవ్వకాల గురించి చెప్పకుండా ఉండలేను. మన దగ్గర గుప్తనిధుల పేరుతో పాత గుళ్లలో లింగాలు పెకిలించి గోతులు తీస్తారు, మీకు తెలుసు. మాయా అడవుల్లో అది పెద్ద వ్యాపారం. గ్వాటెమాలాలో రియో అసుల్ అనే చోట 1980ల మొదటి దాకా దొంగల ముఠాలు చాలా గుడులను కందకాలు తవ్వి రంగులు వేసిన సమాధులను ఖాళీ చేశాయి. మిగిలిన వాటిలో 19వ సమాధిని 1984లో పద్ధతిగా తవ్వితే పిడి ఉన్న, మూత తిప్పి బిగించే కుండ ఒకటి దొరికింది. దాని మీది రాతలో కకావ్, అంటే కోకో, అన్న మాటను డేవిడ్ స్టువర్ట్ చదివాడు. కుండ అడుగున అంటుకున్న మడ్డిని హెర్షీ చాక్లెట్ కంపెనీ ల్యాబులో పరీక్షిస్తే కోకో తాలూకు రసాయనాలు దొరికాయి. రాతకు, మడ్డికి పొంతన కుదిరింది. దొంగలు తీసుకుపోయిన కుండలను కడిగి మెరుగుపెట్టి అమ్ముతారు. వాటి అడుగున ఏముందో ఇంక ఎవరూ చెప్పలేరు.

ఎల్ పెరూ–వాకా కథ ఇంకా మనసు కలచివేస్తుంది. అక్కడి రాణి కాబెల్ నిలువెత్తు శిల్పం, 692 నాటిది, 1960లలో దొంగలు రంపంతో కోసి తీసుకుపోయారు. అది ఇప్పుడు అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, క్లీవ్‌లాండ్ మ్యూజియంలో ఉంది. 2012లో డేవిడ్ ఫ్రైడెల్ బృందం అదే నగరంలో ఒక సమాధి తెరిస్తే, శంఖం ఆకారంలో చెక్కిన చిన్న తెల్లరాతి బరిణె దొరికింది. శంఖంలోంచి ఒక ముసలావిడ తల బయటికి వస్తుంటుంది. బరిణె వెనక కాబెల్ పేరు. రాణి అస్థికలు గ్వాటెమాలాలో, రాణి బొమ్మ ఒహాయోలో.

ఇప్పటి పరికరాల సంగతి కూడా అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. విమానం నుంచి లేజర్ కిరణాలు వేసి అడవి కింద నేల ఆకారం తీసే లైడార్ వచ్చాక ఈ రంగమే మారిపోయింది. 2018లో గ్వాటెమాలాలో సుమారు 2,100 చదరపు కిలోమీటర్లలో 60,000కు పైగా కట్టడాలు బయటపడ్డాయని ప్రకటించారు. కానీ లైడార్‌కు కనిపించేది నేల పైభాగమే. గుడి కడుపులో సమాధి ఉందో లేదో అది చెప్పదు. దానికి ఇప్పటికీ తాపీ, జల్లెడ, ఓపిక కావాలి. బెలీజ్‌లోని కరకోల్ దీనికి మంచి ఉదాహరణ. ఆర్లెన్ చేజ్, డయాన్ చేజ్ దంపతులు 1985 నుంచి అక్కడ తవ్వుతున్నారు. లైడార్‌ను మాయా నగరం మీద వాడి చూపించినవాళ్లలో మొదటివాళ్లు కూడా వాళ్లే. 2025 జూలైలో వాళ్లు ప్రకటించిన సమాధి 331లో గద్దె ఎక్కిన తె కాబ్ చాక్‌ది, ఆ రాజవంశానికి మూలపురుషుడిది. నోట్లో పళ్లు లేని ముసలి రాజు, పక్కన పదకొండు కుండలు, ముక్కలైన పచ్చరాతి ముసుగు, చెక్కిన ఎముక గొట్టాలు. ఆ సమాధి వాళ్లు 1993లో తవ్వి ఆపిన చోటికి కిందనే ఉంది. నలభై ఏళ్లు ఒకే స్థలాన్ని పట్టుకుని ఉండటం వల్ల దొరికినది అది.

చివరిది, మీ చదువు. హైదరాబాదులో ఉన్నానన్నారు కాబట్టి ఉస్మానియాలో ప్రాచీన చరిత్ర, పురావస్తు శాస్త్రం ఉంది. పుణెలో డెక్కన్ కాలేజీ ఉంది. ముందు ఇక్కడే ఏదో ఒక తవ్వకంలో మట్టి పొరలు చదవడం నేర్చుకోండి. తెలంగాణలో రాక్షసగుళ్లు అని పిలిచే పెద్దరాతి సమాధులు ఉన్నాయి. గచ్చు అతుకు, పూడిక మట్టి, ఎముకల వరస అన్నవి అక్కడ చూసినా ఇక్కడ చూసినా కన్నుకు అలవాటు కావాల్సినవే. రెండోది స్పానిష్. ఇది తప్పించుకోలేరు. తవ్వకాల నివేదికలు, అనుమతి కాగితాలు, పనిలో పక్కవాడితో మాట, అన్నీ స్పానిష్‌లోనే. హైదరాబాదులో ఇఫ్లూ అనే భాషల విశ్వవిద్యాలయంలో నేర్పుతారు. బెలీజ్‌లో మాత్రం ఇంగ్లిష్ నడుస్తుంది, అందుకే విద్యార్థులను తీసుకునే తవ్వకాల శిక్షణ శిబిరాలు అక్కడ ఎక్కువ. వాటికి ఫీజు ఉంటుంది, తక్కువేమీ కాదు. ఉపకార వేతనం గురించి ముందే రాసి అడగండి.

మీకు ఎముకల మీద ఆసక్తి ఉంటే శరీర మానవశాస్త్రం వైపు, లిపి మీద ఉంటే భాషాశాస్త్రం వైపు, రసాయనశాస్త్రం బాగా వస్తే నాలాగా సంరక్షణ వైపు వెళ్లండి. మూడింటికీ మనుషుల కొరత ఉంది. సమాధిని తెరిచేవాళ్లు ఎప్పుడూ దొరుకుతారు. తెరిచాక ముప్పై ఏళ్లు ఆ పెట్టెలతో కూర్చునేవాళ్లు తక్కువ. ఎక్కడికి వెళ్లినా ఆ దేశపు పురావస్తు సంస్థ అనుమతి ఉన్న బృందంలోనే చేరండి. దొరికినదంతా ఆ దేశపు ఆస్తి. అలాగే అక్కడ పనిచేసే ఊరివాళ్లతో కలిసి కూర్చోండి. కోపాన్ సొరంగాల్లో, పెతెన్ అడవిలో తరాలుగా తవ్వుతున్న కుటుంబాలున్నాయి. గచ్చు రంగు చూసి కింద ఖాళీ ఉందో లేదో ముందు చెప్పేది చాలాసార్లు వాళ్లే. కొన్నిచోట్ల సమాధి తెరిచే ముందు మాయా పెద్దలు కోపల్ అనే సాంబ్రాణి వేసి అనుమతి అడుగుతారు. అప్పుడు పరికరాలు కింద పెట్టి వాళ్లతో పాటు నిలబడండి, ఫొటోలు తీయకండి, తీయమని వాళ్లే అడిగితే తప్ప.

స్పానిష్ ఎంతవరకు వచ్చో, మీ డిగ్రీలో ఏ సబ్జెక్టులున్నాయో రాస్తే ఏ శిబిరానికి దరఖాస్తు పెట్టుకోవచ్చో వివరంగా చెబుతాను. ఎండాకాలం సీజను దరఖాస్తులు చాలా చోట్ల శీతాకాలంలోనే ముగుస్తాయి, ఆలస్యం చేయకండి.